పో, పోయిరా

హైదరాబాద్,
17 జూన్ 1985

ప్రియమైన బావకు,

నేను క్షేమంగా చేరాను. హాస్టల్లో ముగ్గురికి ఒక గది. కిటికీ పక్క మంచం కోసం నాకు ఉబ్బసం ఉందని చిన్న అబద్ధం ఆడాను. ఇప్పుడు నేను నవ్వినా కూడా పక్క మంచం పద్మ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిస్తోంది.

ఇక పని సంగతి. వచ్చే ఏడు కొన్ని హైస్కూళ్ళకు కంప్యూటర్లు ఇస్తారట. వాటితో మాట్లాడే భాష పేరు బేసిక్. దాన్ని మొదటిసారి ముట్టుకునే పిల్లల కోసం తెలుగులో పన్నెండు పాఠాల పుస్తకం రాయాలి. గడువు ఆరు నెలలు. మా పెద్దసారు పేరు అబ్దుల్ వహాబ్, మన నర్సంపేటాయనే. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి, "నీకు తెల్సింది రాయకమ్మా. తెల్వనోనికి ఏం తెల్వదో అది రాయి" అన్నాడు.

అందుకని ఆ తెలియనివాడిగా నిన్ను ఎంచుకున్నాను. కోపం తెచ్చుకోకు. పది పాసయ్యావు, రైల్వే కేబిన్‌లో సిగ్నల్ లివర్లు లాగుతావు, కంప్యూటర్ ముఖం చూడలేదు. ఇంతకన్నా మంచి చదువరి నాకు ఎక్కడ దొరుకుతాడు? ఒక్కో పాఠం కార్బన్ కాపీ పంపిస్తాను. చదివి, ఎక్కడ అడ్డం తగిలిందో రాయి. ఒకటే షరతు. ప్రశ్న ఎలా పుడితే అలాగే రాయాలి, బడి పంతులులా దిద్దకూడదు.

అత్తమ్మ ఎట్లా ఉంది? ఈ ఉద్యోగం సంగతి పది రోజుల ముందే ఆమెకు చెప్పానన్నావు. అప్పుడేమీ అనని మనిషి, సంచీ పట్టుకుని గడప దాటుతూ "ఆరు నెలలు ఎంతలో గడుస్తాయి అత్తమ్మా" అని నేననగానే ముఖం మాడ్చుకుని, "పో. పోతే పో. మల్ల ఈ గడప యాది చెయ్యకు" అన్నది. నాకు ఇప్పటికీ అర్థం కాలేదు బావా. ఆమె ముందు మా నాయన తోడబుట్టింది, తర్వాతే నాకు అత్తగారు. చిన్నప్పుడు బడి వాళ్ళతో రామప్ప గుడికి పోయినా దారిలో తినడానికి సద్ది కట్టి ఇచ్చేది. ఆ పొద్దున కూడా పొయ్యి పక్కన సద్ది మూట కట్టి ఉంది, నేను చూశాను. అది నా చేతికి రాలేదు. పని అయ్యాక ఆ గడప తొక్కనిస్తుందో లేదో ఆమెను కదిపి చూసి రాయి.

నీ
సారలమ్మ

*

కాజీపేట,
2 జూలై 1985

ప్రియమైన సారలకు,

నీ ఉత్తరం, మూడు పాఠాలు అందాయి. తెలియనివాడి హోదా ఇచ్చినందుకు సంతోషం. పెళ్ళయిన అయిదేళ్ళకు నా అర్హత గుర్తించావు.

మొదటి రెండు పాఠాలు బాగున్నాయి. మూడో పాఠంలో "ఇప్పుడు లూపులోకి వెళదాం" అని రాశావు. అక్కడ రెండు రోజులు ఆగిపోయాను. మాకు లూపు అంటే మెయిన్ లైను పక్కన ఉండే లైను. గూడ్సు బండిని అందులోకి తీసుకుంటాం. వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్ దాటిపోయే దాకా అది అక్కడే నిలబడుతుంది, తర్వాత మళ్ళీ మెయిన్ లైనెక్కుతుంది. మరి నీ లూపులో నిలబడింది ఏ బండి? దేనికోసం? మా స్టేషన్ మాస్టరుకు చూపిస్తే ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఎక్స్‌ప్రెస్ టైము రాయలేదు గదయ్యా, ఎట్ల తెలుస్తది?" అన్నాడు.

ఇంకో ప్రశ్న ఉంది, నువ్వు A = 5 అని రాసి, దాని కిందే A = 7 అని రాసిన చోట. పుట్టినట్టే రాయమన్నావు కనుక రాస్తున్నాను.

"ఏ అనే బిందెల అయిదు పోసినవ్. మల్ల అండ్లనే ఏడు పోసినవ్. పన్నెండు గావాలె గద? ఏడే ఉన్నదంటవేంది? మరి ఆ అయిదు యాడికి పాయె?"

అమ్మ బాగానే ఉంది. మోకాళ్ళ నొప్పి ఎప్పటిలాగే ఉంది. నువ్వు ఫికర్ చేయకు.

నీ బావ
కొమురెల్లి

*

హైదరాబాద్,
20 జూలై 1985

ప్రియమైన బావకు,

నీ గూడ్సు బండి చదివి పడీ పడీ నవ్వాను. పద్మ రెండు గ్లాసులు నీళ్ళు తెచ్చింది. కానీ తప్పు నాదే. మా లూపు ఆగేది కాదు, తిరిగేది. చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయడం. ఆ మాట వాడేముందు చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. రైల్వే కాలనీ పిల్లలు ఈ పుస్తకం తెరిస్తే వాళ్ళూ ఎక్స్‌ప్రెస్ కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాళ్ళు. ఆ పాఠం మొత్తం తిరగరాశాను.

బిందె ప్రశ్నను వహాబ్ సార్ తీసుకెళ్ళి ఆఫీసంతా తిప్పాడు. పుస్తకంలో నేను "చలరాశి" అని పెద్ద మాట రాసి మురిసిపోయాను. ఇప్పుడది కొట్టేసి బిందె అని పెట్టాను. జవాబు ఇది. ఈ బిందెలో ఒకసారికి ఒక్కటే పడుతుంది. కొత్త నీళ్ళు పట్టే ముందు పాత నీళ్ళను తనంతట తానే పారబోసుకుంటుంది. అయిదు కూడా కావాలంటే ముందే ఇంకో బిందెలో దాచుకోవాలి.

అది సరే గానీ, నువ్వు బిందె ఎత్తిన పాపాన ఎప్పుడు పోయావు? నీ ఉత్తరమంతా పుస్తకాల భాషలో ఉంది, ప్రశ్న మాత్రం మన వంటింటి మాటలో ఉంది. పైగా తిరిగి పంపిన కాగితం మీద చింతపండు మరక. కేబిన్‌లో చింతపండుతో ఏం పని?

అత్తమ్మ నా గురించి ఏమన్నా అడిగిందా? అది రాయకుండా మోకాళ్ళ సంగతి రాస్తే నాకెలా తెలుస్తుంది?

నీ
సారలమ్మ

*

కాజీపేట,
11 సెప్టెంబర్ 1985

ప్రియమైన సారలకు,

ఆలస్యమైంది. యార్డులో పనులు, పైన వానలు. నడుమ నువ్వు పంపిన పాఠాలన్నీ అందాయి.

చింతపండు నేను చప్పరిస్తాను. రాత్రి డ్యూటీలో నిద్ర రాకుండా ఉంటుంది. ప్రశ్న భాష సంగతంటావా, పుట్టినట్టే రాయమన్నది నువ్వే. ఇప్పుడు నీ షరతే నీకు అడ్డమైతే నేనేం చేసేది?

నువ్వు తిరగరాసిన మూడో పాఠం మీద ఈ ప్రశ్న వచ్చింది.

"బతుకమ్మ ఆడేటప్పుడు పాట చెప్పేది ఒక్కతె, ఉయ్యాలో అనేది అందరు. సుట్టు తిరుగుతనే ఉంటరు. పాట ఒడవంగనే ఆట బందయితది. నీ మిషిన్‌కు పాట ఒడిసిందని ఎవలు చెప్తరు? ఎవలు చెప్పకుంటె తెల్లారిందాక అట్లనే తిరుగుతదా? దానికి కాళ్ళు నొయ్యవా?"

దీనికి మంచి జవాబు కావాలి. ఊరికే "అదే ఆగుతుంది" అంటే ఒప్పుకునేది లేదు.

అమ్మ ప్రత్యేకంగా ఏమీ అడగలేదు. బాగానే ఉంది.

నీ బావ
కొమురెల్లి

*

హైదరాబాద్,
3 అక్టోబర్ 1985

ప్రియమైన బావకు,

"ఏమీ అడగలేదు" అన్న ముక్క నాలుగుసార్లు చదివాను. అంత చిన్న వాక్యాన్ని నాలుగుసార్లు చదవడం చాలా కష్టం.

బతుకమ్మ ప్రశ్న నా పుస్తకాన్ని నిలబెట్టింది. మొన్న ఇక్కడి ఒక బడిలో పదిమంది పిల్లలకు పాఠాలు ఇచ్చి చూశాం. పంతులు లేడు, పుస్తకం ఒక్కటే. పాట ఎప్పుడు అయిపోతుందో ముందే చెప్పకపోతే ఆట ఆగదు, మనమే వెళ్ళి మిషన్ నోరు మూయాలి అని రాశాను. పదిమందిలో తొమ్మిదిమంది ఎన్నిసార్లు తిరగాలో మొదటే రాసి పెట్టారు. పదో పిల్ల కావాలనే రాయలేదట, ఆగకుండా తిరిగితే ఎట్లా ఉంటుందో చూడాలని. ఆ పిల్లే నాకు బాగా నచ్చింది.

ఇక మిగిలింది పన్నెండో పాఠం. చిత్తుప్రతి పంపుతున్నాను. గోటూ 100 అంటే నూరో వరుసకు పో. గోసబ్ 100 అన్నా నూరో వరుసకు పో. రెండో దానిలో పని అయ్యాక రిటర్న్ అనే మాట వస్తుంది, అప్పుడు వెనక్కి తిరిగి వస్తుంది. పిల్లలు దీని దగ్గర మాత్రం తికమక పడుతున్నారు. రెండింటికీ తేడా వాళ్ళకు పట్టడం లేదు. ఈ పాఠం కుదిరితే పుస్తకం అచ్చుకు పోతుంది, నా ఉద్యోగం పర్మనెంట్ అవుతుందని వహాబ్ సార్ అంటున్నాడు.

బావా, ఇంకో పది రోజుల్లో బతుకమ్మ మొదలవుతుంది. నాకు రావాలని ఉంది. కానీ గడప యాది చెయ్యకు అన్న ఇంటికి పిలుపు లేకుండా ఎట్లా వస్తాను? దాపరికం లేకుండా అత్తమ్మను ఒక్క మాట అడుగు. సారలను రమ్మంటావా అని. ఆమె ఏమంటే అది రాయి, దిద్దకు.

నీ
సారలమ్మ

*

కాజీపేట,
12 అక్టోబర్ 1985

ప్రియమైన సారలకు,

పన్నెండో పాఠం మీద ప్రశ్న ఇది. పుట్టినట్టే రాస్తున్నాను.

"రెంటికి పో అనే రాసినవ్. ఇంట్లకెల్లి పోయెటోళ్ళను ఎవలన్న పో అంటరా? పోయిరా అంటరు. పో అన్నరు, పోయింది, రాలే. అండ్ల తప్పు పోయినదాందా, పో అన్నోళ్ళదా? ఒకవేళ వచ్చిందే అనుకో, మొదటికెల్లి షురూ చేస్తదా, ఇడిసిన కాడికెల్లా?"

పండుగ సంగతి మళ్ళీ రాస్తాను. డ్యూటీకి వేళయింది.

నీ బావ
కొమురెల్లి

*

హైదరాబాద్,
8 నవంబర్ 1985

బావకు,

పండుగ సంగతి నువ్వు మళ్ళీ రాయలేదు. నేను రాలేదు. హాస్టల్ వెనక ఖాళీ జాగాలో నలుగురం బతుకమ్మ పేర్చాం. తంగేడు పూలు సగమే దొరికాయి. పాట చెప్పేవాళ్ళు లేక నేనే చెప్పాను, నడుమ రెండు చరణాలు మరిచిపోయాను.

నాలుగు వారాలు నీకు రాయలేదు, కోపంతోనే. నీ ప్రశ్న చదివి ఆ కాగితం పెట్టె అడుగున పడేశాను. పో అంటే పోయింది, రాలేదు, తప్పు ఎవరిదంటావా? పోయినదానిదే అని నా నోటితో అనిపించాలని కదా పాఠం అడ్డం పెట్టుకుని అడిగావు? దెప్పాలనుకుంటే నేరుగా దెప్పు. పో అన్నది నేను కాదు. వచ్చే దారి ఒక్కటైనా చూపించమని అయిదు నెలలుగా అడుగుతూనే ఉన్నాను. నువ్వు మోకాళ్ళ నొప్పి రాస్తున్నావు.

పాఠానికి మాత్రం జవాబు ఇస్తాను, అది నా పని. గోసబ్‌లో పోయింది తిరిగి వచ్చినప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టదు. బయల్దేరిన వరుసకు కూడా పోదు. దాని తర్వాతి వరుసకు వస్తుంది. అంటే విడిచిన చోటి నుంచే. జరిగిపోయిందాన్ని తిరగదోడదు.

ఇరవై అయిదో తారీకు సోమవారం. ఆ రోజు పర్మనెంట్ కాగితం మీద సంతకం పెట్టాలి. పన్నెండో పాఠం కూడా అదే రోజు ఇవ్వాలి, అదింకా కుదరలేదు. సంతకం పెడితే ఇక్కడే ఒక గది చూసుకుంటాను. వద్దన్న ఇంటికి వారం వారం వచ్చి గుమ్మంలో నిలబడే ఓపిక నాకు లేదు. నీకు రావాలనిపిస్తే నువ్వే రా.

సారలమ్మ

*

కాజీపేట,
14 నవంబర్ 1985

ప్రియమైన సారలకు,

ఈ ఉత్తరం చదివాక నన్ను ఎన్ని తిట్టాలనుకుంటే అన్ని తిట్టు, నీకు హక్కుంది. ముందు మొత్తం చదువు.

ఆ ప్రశ్న నాది కాదు. బిందె ప్రశ్న, బతుకమ్మ ప్రశ్న, పో ప్రశ్న, మూడూ అమ్మవి. నాది గూడ్సు బండి ఒక్కటే.

నీ మొదటి పాఠాలు వచ్చిన రోజు, ఒకసారి చదివితే బుర్రకెక్కక పైకి చదువుకుంటూ కూర్చున్నాను. అమ్మ ఆ మూల చింతపండు గింజలు తీస్తోంది. నా దిక్కు చూడకుండానే, "ఆ అయిదు యాడికి పాయెరా?" అన్నది. నాకు తెలియదంటే, "తెల్వకుంటె అడుగు. దానికి రాయి. నేనడిగిన్నని రాసినవంటె మాత్రం ఊకోను" అన్నది. అప్పటి నుంచి ప్రతి పాఠం ఇట్లాగే నడిచింది. నేను చదవడం, ఆమె వినడం. ఒకరోజు నేను డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటే లేపి మరీ, "ఆ మిషిన్ పాఠం ఒడిసిందా, ఇంక ఉన్నదా?" అని అడిగింది. కాగితం మీద మరక ఆమె చేతిదే. నాకు చింతపండు పుల్లదనమే పడదని నీకు తెలుసు. అయినా ఆ అబద్ధం ఎలా నమ్మావో!

ఇప్పుడు అసలు తప్పు చెప్తాను. ఉద్యోగం సంగతి పది రోజుల ముందే అమ్మకు చెప్పానన్నది అబద్ధం. రేపు చెప్దాం, రేపు చెప్దాం అని దాటేశాను. ఆ పొద్దున నువ్వు తయారవుతుంటే అమ్మతో, సారలకు పరీక్ష ఉంది, ఒక్కరోజులో తిరిగొస్తుంది అన్నాను. అందుకే ఆమె సంతోషంగా సద్ది కట్టింది. గడప దగ్గర నీ నోటి వెంట ఆరు నెలలని విన్నది. కేబిన్‌లో ఇరవై లివర్లున్నాయి, ఇన్నేళ్ళలో ఒక్కటీ తప్పు లాగలేదు. ఇంట్లో ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆమె కోపం నీ ఉద్యోగం మీద అని నువ్వు అనుకుంటే, నేను నోరు మూసుకుని ఊరుకున్నాను.

పండుగ ముందు నువ్వు అడగమన్నావని అడిగాను. అమ్మ చేతిలో పని పక్కన పెట్టి, "ఆ ఆఖరి పాఠం ఇంకోసారి చదువు" అన్నది. చదివాను. అప్పుడు చెప్పింది ఆ ప్రశ్న. రాసుకుంటూ నాకు కూడా అది పాఠం గురించే అనిపించింది. నా బుర్ర అంతే.

నిన్న నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను, కోపం ముక్కలు కూడా వదలలేదు. జరిగిపోయిందాన్ని తిరగదోడదు అన్న దగ్గర ఆపమన్నది. కొంగుతో ముఖం తుడుచుకుని, రాయమని చెప్పింది. దిద్దకుండా రాస్తున్నాను.

"సారలా, పో అన్న. తప్పు పో అన్నోళ్ళదే. నేను ఇంట్ల పెద్దదాన్ని, అందరికి తెల్సినంక నాకు తెల్సింది. నీకు, వానికి, స్టేషన్ మాస్టర్‌కు సుత తెల్సు. సద్ది కట్టిన చేతులు అట్లనే ఉండిపాయె. నువ్వు పోయినంక ఆ మూట పొద్దుమీకిందాక ఇప్పలే, ఆఖరికి కోళ్ళకేసిన. నా నోరు మంచిది గాదు, నీకు తెల్సు. నౌకరి సంగతి నేను చెప్పేది గాదు. అడిగితె చెప్త. ఈ ఇంట్ల నన్ను అడిగెటోళ్ళేరి?"

ఇంతే చెప్పింది. నేను ఒక్క అక్షరం కలపలేదు. నన్ను క్షమించమని అడగడానికి మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

నీ బావ
కొమురెల్లి

*

హైదరాబాద్,
19 నవంబర్ 1985

ప్రియమైన అత్తమ్మకు,

ఈ ఉత్తరం నీకే రాస్తున్నాను. నీ కొడుకు చదివి వినిపిస్తాడు. తన పేరు వచ్చిన చోట గొంతు తగ్గించి చదువుతాడు, గట్టిగా చదవమను.

నీ మాటలు చదివి చాలా ఏడ్చాను. పద్మ తెచ్చిన నీళ్ళు ఈసారి నిజంగానే తాగాను. అయిదు నెలలు నువ్వు నన్ను తలుచుకోవడం లేదనుకున్నాను. నా పుస్తకంలో మంచి మాటలన్నీ నీవేనని తెలియదు. తప్పు నీ ఒక్కదానిదే కాదు. పెద్ద విషయం నేనే నీ దగ్గర కూర్చుని చెప్పాల్సింది, బావ మీద వదిలేశాను.

పన్నెండో పాఠం నిన్న రాశాను. ఒక్క పూటలో అయిపోయింది. ఇలా మొదలవుతుంది: "గోటూ అంటే పో. పోయినది పోయినట్టే, ఇంటికి తిరిగి రమ్మని దానికి ఎవరూ చెప్పలేదు. గోసబ్ అంటే పోయిరా. పంపినవాళ్ళు అది ఎక్కడి నుంచి బయల్దేరిందో గుర్తు పెట్టుకుని ఉంటారు. పని అయ్యాక అది విడిచిన చోటికే వచ్చి, అక్కడి నుంచి మిగతా పని అందుకుంటుంది." ఈ పొద్దున పదిమంది పిల్లలకూ ఇచ్చాం. పదిమందికీ వచ్చింది. ఆ తుంటరి పిల్లకు కూడా. వహాబ్ సార్ చదివి, "ఇది ఎవల మాట?" అన్నాడు. మా మేనత్తది అన్నాను. పుస్తకం మొదటి పేజీలో "ప్రశ్నలు అడిగినది: యాకమ్మ, కాజీపేట" అని వేయిస్తానన్నాడు. బావ పేరు వద్దన్నాను. గూడ్సు బండికి మాత్రం వెనక ఎక్కడో కృతజ్ఞత చెప్తాను.

ఇక నిన్ను అడగాల్సింది. నా ఉద్యోగం పర్మనెంట్ చేస్తామంటున్నారని కోపంలో రాసిన ఉత్తరంలో విన్నావు. ఒప్పుకుంటే వారానికి ఆరు రోజులు ఇక్కడ, ఆదివారం మన ఇంట్లో. పొద్దున బండెక్కితే మూడు గంటల దారి. నాకైతే చేయాలనే ఉంది. ఏదీ ఖాయం చేసుకోలేదు, ఈ ఆదివారాల లెక్క ఎవరికీ చెప్పలేదు. బావకు కూడా ఇది చదివేటప్పుడే తెలుస్తుంది. అతని ముఖం ఎట్లా ఉందో చూసి పెట్టుకో, నాకు చెప్పాలి. సంతకం పెట్టమంటావా అత్తమ్మా? నువ్వేమంటే అది.

ఆదివారం వస్తున్నాను. నేను గడప దాటిన రోజు జరిగిందంతా మనం మళ్ళీ మొదటి నుంచి మాట్లాడుకోవద్దు. సద్ది దగ్గర ఆగాం, అక్కడి నుంచి అందుకుందాం. సోమవారం పొద్దున బండికి నాకు సద్ది కట్టు.

పోయొస్త అత్తమ్మా,
నీ సారల